ఉమ్మడి మిల్లింగ్ మెషిన్: పాస్‌ల మధ్య మెట్లు వస్తున్నాయి, పక్కలు మూలమట్టానికి రావడం లేదు

కొత్తచెయ్యి
అందరికీ నమస్కారం. శిక్షణ అయ్యాక, మనందరం స్లాట్లు (వంతు సమయాలు) బుక్ చేసుకుని వాడే వర్టికల్ మిల్లింగ్ మెషిన్ (తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసేది) మీద సొంతంగా చేస్తున్న మొదటి పని ఇది. అల్యూమినియం దిమ్మె: 100 పొడవు, 80 వెడల్పు, 40 ఎత్తు, అన్నీ మి.మీ.లే. ఆరు ముఖాలూ చదును చేసి మూలమట్టానికి (పక్క ముఖాలు ఒకదానికొకటి సరిగ్గా 90 డిగ్రీలకి) తేవాలి. 50 మి.మీ. ఫేస్ మిల్ (ముఖం చదును చేసే వెడల్పాటి కట్టర్), కార్బైడ్ ఇన్సర్టులు (మార్చుకునే పళ్లు), 1500 ఆర్‌పీఎం, అర మి.మీ. కోత. ఎక్స్ దిశలో (ఎడమ-కుడి) ఫీడ్ ఇచ్చి, అంటే టేబుల్‌ని నడిపి, ఒక పాస్ అయ్యాక వై దిశలో (ముందు-వెనక) జరిపి రెండో పాస్ వేశాను.

రెండు పాస్‌లు కలిసే చోట సన్నటి మెట్టు పడుతోంది. చూస్తే గీతలా ఉంది గానీ గోరుతో గీస్తే తగులుతోంది. ఇంకోటి, పక్క ముఖానికి మూలమట్టం ఆనిస్తే కింది భాగంలో వెలుతురు కనిపిస్తోంది. వైస్ (దిమ్మెని దవడల మధ్య పట్టే బిగింపు) గట్టిగానే బిగించాను. ఫొటో పెట్టాను. రెండింటికీ కారణం ఒకటేనా?

రజనుగాడు
ఫొటో చూశాను. మీ ముందు స్లాట్‌లో ఎవరో హెడ్ (కట్టర్‌ని తిప్పే పై భాగం) వంచి ఏటవాలు కోత కోసుకుని, అలాగే వదిలేసి పోయుంటారు. మనకిది కొత్తేం కాదు. హెడ్ బోల్టులు వదులు చేసి, డయల్ గేజ్ (సన్నటి తేడాలని ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి సరి చేసుకోండి.

మైక్రాన్‌పిచ్చి
ముందు బోల్టుల జోలికి పోకండి. రెండూ వేర్వేరు సమస్యలు, వేర్వేరుగానే చూడాలి.

మెట్టు సంగతి. కట్టర్ అడుగు, టేబుల్ కదిలే తలానికి సమాంతరంగా లేకపోతేనే మెట్టు వస్తుంది. మీరు ఎక్స్‌లో ఫీడ్ ఇచ్చి వైలో జరిపారు కాబట్టి, తేడా ముందు-వెనక దిశలో ఉన్నట్టు. అదే ఎడమ-కుడి దిశలో వంగి ఉంటే మీకు మెట్టు కాకుండా ప్రతి పాస్‌లోనూ సన్నటి గుంట పడేది, కట్టర్ గుర్తులు ఒకవైపు చాపాలుగానే కనిపించేవి. మామూలుగా హెడ్ వంచేవాళ్లు ఎడమకో కుడికో వంచుతారు, ముందుకి వంచేవాళ్లు అరుదు. అందుకే రజను గారి అనుమానం నాకు సగమే నచ్చింది.

వైస్ కింద రజను (కోతలో రాలే లోహపు పొట్టు) ఇరుక్కుందేమో అని కూడా ఎవరో ఒకరు అంటారు. వైస్ వంకరగా కూర్చుంటే పై ముఖం అడుగుకి సమాంతరంగా రాదు, అంతే. మెట్టు మాత్రం రాదు.

ఇక పక్కలు. అది దాదాపు ఎప్పుడూ పట్టుకునే పద్ధతిలోనే ఉంటుంది. గరుకు ముఖాన్ని కదిలే దవడకి నేరుగా ఆనించి బిగిస్తే, దిమ్మె ఆ గరుకు ముఖం ఎటు తోస్తే అటు తిరుగుతుంది. స్థిర దవడకి పూర్తిగా ఆనదు. కదిలే దవడకీ దిమ్మెకీ మధ్య, దిమ్మె ఎత్తులో నడిమికి దగ్గరగా, ఒక గుండ్రటి కడ్డీ పెట్టండి. 10 లేదా 12 మి.మీ. అల్యూమినియం కడ్డీ చాలు. గీత మీదే ఒత్తిడి పడుతుంది కాబట్టి దిమ్మె స్థిర దవడకి తనంతట తానే సర్దుకుంటుంది.

వరుస ఇలా: మొదటి ముఖం చదును చేసి, దాన్ని స్థిర దవడకి ఆనించి, ఎదురుగా కడ్డీ పెట్టి రెండోది కోయాలి. రెండో ముఖాన్ని కిందికి పెట్టి, మొదటిది మళ్లీ స్థిర దవడకే ఆనించి, మూడోది. అప్పటికి మూడు నమ్మదగ్గ ముఖాలుంటాయి కాబట్టి నాలుగోదానికి కడ్డీ అక్కర్లేదు. చివరి రెండూ మూలమట్టంతో నిలబెట్టి చూసుకుని కోసుకోవచ్చు. ప్రతి కోత తర్వాత అంచుల మీది బర్ (కోత తర్వాత మిగిలే పదునైన పొర) ఆకురాయితో తీసేయండి. బర్ ఒక్కటి చాలు, దిమ్మె ప్యారలల్ (వైస్‌లో దిమ్మె కింద పెట్టే సమానమైన పట్టీ) మీద సరిగ్గా కూర్చోకుండా చేయడానికి.

పాతటర్నర్
బాబూ, వైస్ బిగించాక దిమ్మె మీద ప్లాస్టిక్ సుత్తితో కొట్టావా? బిగించేటప్పుడు కదిలే దవడ కాస్త పైకి లేస్తుంది, దాంతో పాటు దిమ్మెనీ లేపుతుంది. కొట్టి, కింద ఉన్న ప్యారలల్స్‌ని వేలితో కదిపి చూడు. రెండూ కదలకూడదు. ఒకటి కదులుతోందంటే ఆ వైపు గాలిలో ఉన్నట్టే. సుత్తితో కొట్టాక మళ్లీ హ్యాండిల్ బిగించకు, మళ్లీ లేస్తుంది. ఇది చేతికి అలవాటు కావాలి గానీ చదివితే రాదు.

రజనుగాడు
> హెడ్ వంచేవాళ్లు ఎడమకో కుడికో వంచుతారు

ఒప్పుకుంటాను. కానీ మన దగ్గర మనుషులు ఏమైనా చేస్తారు. టేబుల్ మీద ఆ డ్రిల్లు గుంటలు చూశారుగా?

మైక్రాన్‌పిచ్చి
కొత్తచెయ్యి గారూ, ఊహలెందుకు, కొలవండి. మెయిన్ స్విచ్ ఆపేయండి. గేర్ న్యూట్రల్‌లో పెట్టండి. డయల్ గేజ్‌ని స్పిండిల్‌కి (కట్టర్‌ని పట్టి తిప్పే ఇరుసు) బిగించి, మొన 200 మి.మీ. వ్యాసం తిరిగేలా సర్దండి. వైస్ అడ్డు రాకుండా టేబుల్‌ని పక్కకి జరపండి. మొన టీ-స్లాట్‌లో (టేబుల్ మీది గాడి) పడితే గేజ్ దెబ్బతింటుంది కాబట్టి, ఒకే గ్రైండింగ్ చేసిన దిమ్మెని ముందొకసారి, వెనకొకసారి, ఎడమకి, కుడికి పెట్టి దాని మీద చదవండి. స్పిండిల్‌ని చేత్తో తిప్పాలి. నాలుగు రీడింగులూ ఇక్కడ రాయండి.

పాతటర్నర్
కొలిచే ముందు మోకాలు లాక్ చెయ్యి. టేబుల్‌ని మోస్తూ పైకీ కిందికీ కదిలే ఆ పెద్ద భాగం. లాక్ వేయకుండా ఎన్ని రీడింగులు తీసినా దండగే.

చెక్కపని
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఎలాగూ మిల్లింగ్ గురించే కదా. టేకు ముక్కలో 12 మి.మీ. గాడి కావాలి, రౌటర్ (చెక్కలో గాడి తీసే మెషిన్) ఖాళీ లేదు. ఈ మెషిన్ మీద చేసుకోవచ్చా?

నిర్వాహకురాలు
వద్దండీ. చెక్కపొట్టు స్లైడ్ల (మెషిన్ భాగాలు జారే పట్టాల) మీది ఆయిల్‌ని పీల్చుకుని పేస్టులా తయారవుతుంది, గాలిలో తేమనీ పట్టి ఉంచుతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే. పైగా ఈ స్పిండిల్ వేగానికి చెక్క కోత శుభ్రంగా కూడా రాదు. రౌటర్ రేపు ఖాళీ.

కొత్తచెయ్యి
కొలిచాను. వెనక 0 అనుకుంటే ముందు 0.10 తక్కువ, అంటే ముందు వైపు టేబుల్ కిందికి ఉంది. ఎడమ, కుడి రెండింటి మధ్య తేడా 0.01 మాత్రమే.

పాతటర్నర్ గారూ, మోకాలు లాక్ లివర్ తిప్పాను. కానీ అది కాస్టింగ్‌కి తగిలి ఆగిపోతోంది, అక్కడికి బిగుసుకున్నట్టు అనిపించలేదు. కోసేటప్పుడూ అంతే ఉంది. అదలాగే ఉంటుందనుకున్నాను.

మైక్రాన్‌పిచ్చి
లెక్క కుదిరింది. 200 మీద 0.10 అంటే 50 మి.మీ. కట్టర్‌కి 0.025. గోరుకి తగిలేది అదే.

ఎడమ-కుడి 0.01 ఉందంటే హెడ్‌ని ఈ మధ్య ఎవరూ వంచలేదు. వంచినవాళ్లు తిరిగి ఇంత బాగా పెట్టరు.

రజనుగాడు
సరే, నా వాదన వెనక్కి. అయితే ముందుకి వంచే బోల్టులే వదులయ్యుంటాయి. అవి సరి చేస్తే 0.10 పోతుందిగా?

పాతటర్నర్
ఆగు. పోతుంది, అసలు రోగం అలాగే ఉంటుంది. లివర్ పట్టడం లేదన్నాడు చూశావా? వంగింది హెడ్ కాదు, జారింది మోకాలు. అది జారి ఉన్నప్పుడు హెడ్‌ని దానికి తగ్గట్టు వంచావనుకో, రేపు ఎవరో లాక్ బాగు చేస్తారు, అప్పుడు హెడ్ తప్పు అవుతుంది. రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి.

చిన్న పరీక్ష. డయల్ గేజ్ స్టాండ్‌ని కాలమ్‌కి అంటించి, మొనని టేబుల్ ముందు అంచు మీద ఆనించు. రెండు చేతులతో టేబుల్ ముందు భాగాన్ని కింద నుంచి పైకి ఎత్తినట్టు నొక్కు. మరీ బలం పెట్టకు. ముల్లు ఎంత కదిలిందో చెప్పు. వదిలితే వెనక్కి వస్తోందా అది కూడా చూడు.

కొత్తచెయ్యి
0.08 దాకా కదిలింది! వదిలితే వెనక్కి వచ్చేసింది. అంత బరువున్న ఇనుము చేత్తో కదులుతుందని అనుకోలేదు.

పాతటర్నర్
గిబ్ వదులుగా ఉంది. మోకాలు కాలమ్ మీద జారే చోట ఏటవాలుగా ఉండే పొడవాటి బద్దె అది, సందు తీసేందుకే ఉంటుంది. దాని స్క్రూ ఎవరో తిప్పారు. అరిగిపోతే మెల్లగా పెరగాలి, ఉన్నట్టుండి ఇంత రాదు. టేబుల్ ముందు వైపు కిందికి వాలడం అన్నిటికన్నా చెడ్డ వాలు. మోకాలు మీద వైస్ బరువు, పని బరువు పడితే కిందికే కదా దిగేది. అందుకే కొత్త మెషిన్లలో ముందు అంచుని సమం కన్నా ఒక్క పిసరు ఎత్తుగానే ఉంచుతారు, తక్కువగా ఉండనివ్వరు.

ఎండ్‌మిల్‌దాత
మొన్నొక సభ్యుడు మోకాలు హ్యాండిల్ తిప్పడం చాలా బరువుగా ఉందని గొణిగాడు. తర్వాత "ఇప్పుడు తేలిగ్గా తిరుగుతోంది" అన్నాడు. పేరు చెప్పను గానీ, ఏం చేశాడో ఇప్పుడు అర్థమవుతోంది.

నిర్వాహకురాలు
ఇప్పుడే వెళ్లి చూసి వచ్చాను. గిబ్ స్క్రూ రెండు చుట్లకి పైగా బయటికి వచ్చి ఉంది. అది ఒక్కటే అయితే సరే. ఎడమ వైపున్న ఆయిల్ పంపు గొట్టంలో చుక్క లేదు. లివర్ లాగితే గాలి వస్తోంది. స్లైడ్ల మీద వేలితో రాస్తే పొడిగా ఉంది, వెనక వైపు గోధుమ రంగు చార కూడా మొదలైంది.

అంటే జరిగింది ఇదీ: ఆయిల్ అయిపోయింది, ఎవరూ నింపలేదు. మోకాలు పొడిగా రాసుకుని బరువెక్కింది. ఆయిల్ నింపాల్సింది పోయి గిబ్ వదులు చేశారు. లాక్ పట్టు తప్పింది. కొత్తచెయ్యి గారి దిమ్మె మీద మెట్లు పడ్డాయి.

రజనుగాడు
పంపు మీద "ప్రతి స్లాట్ మొదట్లో ఒకసారి లాగండి" అని స్టిక్కర్ ఉంది. అందరూ లాగుతూనే ఉన్నారు పాపం, లోపల ఏముందో చూసినవాడు లేడు.

మైక్రాన్‌పిచ్చి
నింపేటప్పుడు స్లైడ్‌వే ఆయిలే పోయండి, వీజీ 68 (చిక్కదనం గ్రేడు). ఇంజిన్ ఆయిల్ మిగిలింది కదా అని పోసేవాళ్లుంటారు. దాంట్లో మురికిని తేల్చి ఉంచే గుణం ఉంటుంది, స్లైడ్లకి కావాల్సింది అతుక్కుని నిలిచే ఆయిల్. గ్రీజు అసలు వద్దు, రజను పట్టుకుని గీతలు పెడుతుంది.

ఎండ్‌మిల్‌దాత
మాట వచ్చింది కాబట్టి నా గోడు కూడా వినండి. పది మందికీ ఉంటాయని హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) ఎండ్ మిల్లులు (సన్నటి మిల్లింగ్ కట్టర్లు) ఒక సొరుగు నిండా ఇచ్చాను. ఇప్పుడా సొరుగు తెరిస్తే సగం మొద్దు, రెండిటికి మూల పళ్లు లేవు, అల్యూమినియం కరిగి అతుక్కున్నవి కొన్ని. పాడవడం తప్పు కాదు, వాడితే అరుగుతాయి. అరిగినదాన్ని తెచ్చి మంచివాటి మధ్య పెట్టడమే నాకు మంట. తర్వాతి మనిషి దాన్ని బిగించి, చాటర్ (కోతలో అదురు) వస్తే తన ఫీడ్ తప్పేమో అని గంట సేపు తన్నుకుంటాడు. మొద్దుబారినవి వేరే డబ్బాలో వేయండి, మహాప్రభో.

చెక్కపని
అల్యూమినియం అతుక్కుంటే ఏం చేయాలి? ముందే రాకుండా ఉండాలంటే?

ఎండ్‌మిల్‌దాత
రెండు పళ్లవి, మహా అయితే మూడు పళ్లవి వాడండి, రజను బయటికి పోయే చోటు ఉంటుంది. కోసే చోట కాస్త కిరోసిన్ గానీ డబ్ల్యూడీ-40 గానీ కుంచెతో రాయండి, ఎక్కువ అవసరం లేదు. వేగం లెక్క అందరికీ తెలిసిందే: 1000 ఇంటూ కోత వేగం, బై పై ఇంటూ వ్యాసం. హెచ్‌ఎస్‌ఎస్ 10 మి.మీ. కట్టర్‌తో మైల్డ్ స్టీల్ అయితే నిమిషానికి 30 మీటర్లు, అంటే సుమారు 950 ఆర్‌పీఎం. అల్యూమినియానికి 80 మీటర్లు వేసుకున్నా 2500 దాటుతుంది. స్టీల్‌కి పెట్టిన వేగం మీదే అల్యూమినియం కోస్తూ "నెమ్మదిగా ఉంది" అని ఫీడ్ పెంచేస్తారు, పళ్లు విరిగేది అప్పుడే.

ఇంకోటి. ఎండ్ మిల్‌ని డ్రిల్ చక్‌లో బిగించినవాడు ఎవరో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. చక్ నిలువు ఒత్తిడి కోసం. పక్క నుంచి తోపు పడితే కట్టర్ మెల్లగా కిందికి జారుతుంది, లేదా చక్కే టేపర్ (ఏటవాలు కాడ) నుంచి ఊడుతుంది. కొల్లెట్లు (కట్టర్‌ని చుట్టూ పట్టి బిగించే గొట్టాలు) అందుకే ఉన్నాయి.

పాతటర్నర్
కొల్లెట్ తీసేటప్పుడు కూడా. డ్రాబార్‌ని (కొల్లెట్‌ని పై నుంచి బిగించే పొడవాటి బోల్టు) ఒక చుట్టు వదులు చేసి ఇత్తడి సుత్తితో తడితే ఊడి వస్తుంది. మొత్తం విప్పేసి చివరి మర మీద నిలబెట్టి కొడుతున్నారు, మరలు చితికిపోతాయి. కింద ఒక చేత్తో కట్టర్‌ని గుడ్డతో పట్టుకో, వైస్ మీద పడితే రెండూ పోతాయి. డ్రాబార్ మీద పానా వదిలి పక్కకి తిరిగావంటే నాకు కనపడకు. మోటారు ఆన్ చేస్తే ఆ పానా ఎటు ఎగురుతుందో ఎవడికీ తెలియదు.

కొత్తచెయ్యి
ఇవన్నీ ఒక చోట రాసి మెషిన్ పక్కన పెడితే బాగుంటుంది కదా? శిక్షణలో కొన్నే చెప్పారు.

రజనుగాడు
అంటే ఇంకో కాగితం. గోడ మీద ఇప్పటికే ఉన్నవి ఎవరు చదివారు? రెండు గంటల స్లాట్‌లో అరగంట తనిఖీకే పోతే పని ఎప్పుడు చేసుకోవాలి?

మైక్రాన్‌పిచ్చి
అరగంట ఎందుకు? నేను వెళ్లగానే చేసేది ఐదు నిమిషాలు. ముందున్నవాళ్లు దేన్నీ సరిగ్గా వదల్లేదనే అనుకుని మొదలుపెడతాను, కోపంతో కాదు, అలవాటు అంతే. డీఆర్‌వో (టేబుల్ స్థానం చూపే డిజిటల్ తెర) ఇంచుల్లో ఉందా మి.మీ.లో ఉందా. ఉన్న సున్నాని నమ్మను, నా పని అంచు మీద ఎడ్జ్ ఫైండర్‌తో (అంచు ఎక్కడుందో పట్టే కడ్డీ) కొత్తగా పెట్టుకుంటాను. (10 మి.మీ. ఫైండర్ అయితే దాని వ్యాసంలో సగం, 5 కలపాలి, పది కాదు.) స్థిర దవడ మీద డయల్ గేజ్ ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరికి. ఇప్పుడు కొత్తగా మోకాలు లాక్, ఆయిల్ మట్టం చేరుస్తాను.

గేర్ లివర్ కూడా చూడాలి. మన మెషిన్‌లో లో-గేర్‌లో స్పిండిల్ ఉల్టా తిరుగుతుంది, స్విచ్ కూడా మార్చుకోవాలి. నాకు ముందు ఎవరో లో-గేర్‌లో ట్యాపింగ్ (రంధ్రంలో మరలు కోయడం) చేసి వెళ్లారనుకోండి, నేను హై-గేర్‌కి మార్చి స్విచ్ అలాగే ఉంచితే కట్టర్ వెనక్కి తిరుగుతూ దిమ్మెని రుద్దుతుంది. పని మీదికి దించే ముందు గాలిలో ఒకసారి తిప్పి చూడటం ఒక్క సెకను పని. గేర్ మార్చేది స్పిండిల్ ఆగాకే. వేగం తిప్పే చక్రం మాత్రం స్పిండిల్ తిరుగుతున్నప్పుడే తిప్పాలి. ఆగి ఉన్నప్పుడు బలంగా తిప్పితే లోపలి బెల్టూ పుల్లీలూ దెబ్బతింటాయి.

రజనుగాడు
ఐదు నిమిషాలైతే సరే. కానీ వెళ్లేటప్పుడు శుభ్రం చేసే సమయం కూడా స్లాట్‌లోనే ఉండాలి. నా స్లాట్ మొదలయ్యేసరికి ఇంకా ఊడుస్తూ ఉంటారు, కొందరైతే కంప్రెసర్ గాలి కొడుతుంటారు. ఆ గాలికి రజను వెళ్లేది స్లైడ్ల వైపర్ల (చెత్తని ఆపే పట్టీల) కిందికి. కుంచె ఉంది, వ్యాక్యూమ్ ఉంది.

నిర్వాహకురాలు
అందరికీ: గిబ్ సరిచేయించాం. పాతటర్నర్ గారు దగ్గరుండి చేశారు. ఆయిల్ నింపి, పంపు లాగి, స్లైడ్లన్నిటికీ చేరేదాకా మోకాలు పైకీ కిందికీ నడిపాకే గిబ్ బిగించాం. ఇప్పుడు హ్యాండిల్ తేలిగ్గానే తిరుగుతోంది, లాక్ లివర్ కాస్టింగ్‌కి తగలకముందే పట్టేస్తోంది. హెడ్ బోల్టులు ముట్టుకోలేదు. ముందు-వెనక తేడా 200 మీద 0.015, ముందు వైపే ఎత్తు.

గిబ్ స్క్రూల మీద ఎర్ర పెయింట్ గీత పెట్టాం. గీత విరిగి కనిపిస్తే మెషిన్ వాడకుండా నాకు చెప్పండి. హెడ్ వంచాల్సిన పని ఉంటే బుకింగ్‌లో ముందే రాయాలి, తిరిగి డయల్ గేజ్‌తో సరిచేసి, రీడింగ్ పుస్తకంలో రాసి వెళ్లాలి. స్లాట్‌లో చివరి పదిహేను నిమిషాలు శుభ్రానికే. మొద్దు కట్టర్లకి పసుపు డబ్బా పెట్టాను.

గిబ్ తిప్పిన సభ్యుడు నాతో మాట్లాడారు. ఆయన్ని ఇక్కడ ఎవరూ ఊహించనక్కర్లేదు.

కొత్తచెయ్యి
ఈరోజు అదే దిమ్మె మళ్లీ కోశాను. మెట్టు గోరుకి తగలడం లేదు, వెలుతురులో పెడితే మాత్రం సన్నటి గీత ఉంది. కడ్డీ పెట్టి పట్టుకున్నాక మూలమట్టం కింద వెలుతురు లేదు. దిమ్మె ఎత్తు మాత్రం 40కి బదులు 38.6కి వచ్చింది, ఇంకో ముక్క తీసుకుంటాను.

తర్వాతి పని 304 స్టెయిన్‌లెస్‌లో. హెచ్‌ఎస్‌ఎస్ కట్టర్‌తో చేయొచ్చా?

ఎండ్‌మిల్‌దాత
చేయొచ్చు. కోత వేగం 15 మీటర్ల దగ్గర పెట్టుకోండి, 10 మి.మీ. కట్టర్‌కి 480 ఆర్‌పీఎం వస్తుంది. కట్టర్ రుద్దుకుంటూ ఒకే చోట నిలబడకూడదు, ఆ పొర గట్టిపడిపోతుంది, తర్వాతి పాస్‌కి పళ్లు మిగలవు. మరీ సన్నటి కోత పెట్టకండి, ఫీడ్ మధ్యలో ఆపకండి, కటింగ్ ఆయిల్ ధారాళంగా పోయండి. కట్టర్ నా సొరుగులోది వద్దు, మీది తెచ్చుకోండి.